ఎవరిచ్చిన మొగ్గ

నా మొగుడు గొండోలా ఎక్కుదామన్న రోజే నాకు అనుమానం మొదలైంది.

అల్వీసే ముప్పై నాలుగేళ్లు వెనిస్ కాలవల్లో నీటి బస్సు నడిపాడు. ఆ నల్ల పడవలు అడ్డొచ్చినప్పుడల్లా వాటిని నడిపేవాళ్లనీ, అందులో కూర్చుని ముద్దులు పెట్టుకునే జంటలనీ కలిపి తిట్టేవాడు. అయినా మా ఊళ్లో పుట్టినవాళ్లు గొండోలా ఎందుకెక్కుతారు? ఎక్కితే పెళ్లినాడు ఒక్కసారి, అదీ మామగారి చెయ్యి పెద్దదైతే. మా నాన్న చెయ్యి చిన్నది కాబట్టి మేం ఆరోజూ ఎక్కలేదు. అలాంటి మనిషి మెస్త్రేలో మా ఆరో అంతస్తు వంటింట్లో కాఫీ పెడుతూ, "నివేస్, రెండ్రోజులు వెనిస్ వెళ్లొద్దాం. గది తీసుకున్నాను. గొండోలా కూడా ఎక్కుదాం," అన్నాడు.

మెస్త్రే నుంచి వెనిస్ రైల్లో పది నిమిషాలు. పుట్టి పెరిగిన ఊరికి పర్యాటకుల్లా వెళ్లి గది తీసుకోవడమేమిటి?

"ఒంట్లో బాగుందా నీకు?" అన్నాను.

"బాగానే ఉంది."

"డాక్టరేమన్నా చెప్పాడా?"

"ఏం చెప్పలేదే తల్లీ. ముప్పైయ్యో పెళ్లిరోజు కదాని."

"అది అక్టోబర్లో. ఇది ఏప్రిల్."

అల్వీసే పొయ్యి ఆపడానికి అటు తిరిగాడు. కాఫీ ఇంకా పొంగనే లేదు. ముఖం చూపించకుండా తిరిగాడని నాకు అర్థమైంది.

పైగా షరతులు పెట్టాడు. వెనిస్ యాస నోట్లోంచి రాకూడదట. ఎవరడిగినా వెరోనా నుంచి వచ్చామనాలట. తెలిసినవాళ్లు ఎదురైతే పక్క సందులోకి తప్పుకోవాలట. ఎందుకయ్యా అంటే, "సరదాకి," అన్నాడు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆ మాట అతని నోట నేను వినలేదు.

మగవాడు పెళ్లాం అడక్కుండా ఇంత హడావిడి చేశాడంటే జబ్బన్నా అయ్యుండాలి, తప్పన్నా చేసుండాలి. జబ్బు లేదంటున్నాడు. అతను స్నానానికి వెళ్లినప్పుడు కోటు జేబులు వెతికాను. దగ్గుబిళ్లలు, రెండు రైలు టికెట్లు తప్ప ఏమీ లేవు. ఏమీ దొరక్కపోవడంతో నా అనుమానం ఇంకా పెరిగింది.

ఏప్రిల్ ఇరవై నాలుగున బయల్దేరాం. మర్నాడు సాన్ మార్కో పండగ. ఆ రోజు మా ఊళ్లో ప్రతి మగవాడూ తన ఆడమనిషికి ఒక్క ఎర్రగులాబీ మొగ్గ ఇస్తాడు. గుత్తి కాదు, ఒక్కటే. ఆ రోజు మొగ్గ లేని ఆడదాన్ని వీధంతా జాలిగా చూస్తుంది. మెస్త్రేకి మారాక అల్వీసే నాకు ఒక్క ఏడూ ఇవ్వలేదు. "అది అక్కడి పద్ధతి. మనం ఇక్కడున్నాం," అనేవాడు. పిసినారితనమనుకుని ఊరుకున్నాను.

మేం ఇష్టపడి మెస్త్రే వెళ్లలేదు. వెనిస్‌లోని కన్నరేజో పేటలో, కాలవ పక్కన రెండో అంతస్తులో పంతొమ్మిదేళ్లు కాపురం చేశాం. పదకొండేళ్ల కిందట ఇంటాయన జెన్నారో, పర్యాటకులకిచ్చుకుంటాను ఖాళీ చెయ్యమన్నాడు. అలా అని నాకు చెప్పింది అల్వీసే. వెళ్లి పోట్లాడతానంటే, "వాడి కాళ్లు పట్టుకోవాల్సిన ఖర్మ మనకి లేదు," అని ఆపాడు. ఆ తర్వాత జెన్నారో దారిలో కనబడి టోపీ తీస్తే నేను ముఖం తిప్పుకున్నాను. అతను పోయాడని తెలిసిన రోజు చేపలు వేయించుకుని రెండు ముక్కలు ఎక్కువే తిన్నాను.

స్టేషన్ బయట మెట్ల మీద నిలబడగానే ఉప్పునీటి వాసన వచ్చింది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అల్వీసే నన్ను చూడలేదు. నలుగురు పోయే దారి వదిలేసి, దొంగలా గోడల పక్కన సందుల్లోంచి నడిపించాడు. మా పెట్టె చక్రాలు రాళ్ల మీద గడగడలాడుతున్నాయి. ఆ చప్పుడికే ఒకప్పుడు నేను కిటికీ తెరిచి తిట్టేదాన్ని.

గొండోలావాడికి ముప్పై ఏళ్లుంటాయి. చారల చొక్కా, బంగారు గొలుసు. "ఎక్కణ్ణుంచి వస్తున్నారు?" అన్నాడు.

"వెరోనా," అన్నాడు అల్వీసే.

"ఓహో, ప్రేమికుల ఊరు. అదిగో, ఆ కిటికీ చూడండమ్మా. అక్కణ్ణుంచే ఒక జమీందారు కూతురు ప్రేమ కోసం కాలవలోకి దూకేసింది."

ఆ ఇంట్లో పళ్ల డాక్టరుండేవాడు. అక్కణ్ణుంచి దూకాలని నాకూ అనిపించింది, దవడపన్ను పీకించుకున్నప్పుడు. అది చెబుదామని అల్వీసే వైపు తిరిగాను. అతను గొండోలావాడి మాటలే వినడం లేదు. పై అంతస్తుల కిటికీలు ఒక్కొక్కటీ వెతుకుతున్నాడు. పడవ కన్నరేజో వైపు తిరిగేసరికి టోపీ కనుబొమల దాకా లాక్కున్నాడు.

"ఎవరికోసం చూస్తున్నావ్?"

"ఎవరి కోసమూ కాదు."

"ఎవరూ లేకపోతే టోపీ ఎందుకు దించావ్?"

"ఎండగా ఉంది."

ఆకాశం నిండా మబ్బు. ఇక నాకు సందేహం లేదు. ఇక్కడ ఎవరో ఉంది. ముప్పై నాలుగేళ్లు నీటి బస్సు మీద తిరిగినవాడు, ఏ రేవులో ఎవరు నవ్విందో నాకెలా తెలుస్తుంది? నాలుగు ముద్దలు పెట్టి నిజం చెప్పి వదిలించుకుందామని తీసుకొచ్చాడు. సరే, చెప్పనీ. మెస్త్రే ఇల్లు నా పేరున ఉంది. వంటసామాను నాది. పిల్లి కూడా నాదే.

పడవ దిగి నాలుగు మలుపులు తిరిగాం. ఐదో మలుపులో నా కాళ్లు వాటంతటవే ఆగాయి. ఎదురుగా ఉన్నది మా తలుపు. పచ్చరంగు పోయి బూడిదరంగు వచ్చింది. బెల్లుల పక్కన ఒకప్పుడు మా పేర్లుండేవి. ఇప్పుడు ఒకటి, రెండు, మూడు అని అంకెలున్నాయి. అల్వీసే మూడో అంకె వైపు ఒక్క క్షణం చూసి కళ్లు దించుకున్నాడు.

"ఇక్కడే తీసుకున్నాను గది," అన్నాడు. "నీ వంటింట్లో నిన్ను ఒక్క పూటన్నా కూర్చోబెడదామని."

నాకు సిగ్గేసింది. అరగంట ముందే పిల్లిని పంచుకున్నదాన్ని.

తలుపు లోపల్నుంచి తెరుచుకుంది. జెన్నారో కూతురు ఫియోరెల్లా, చేతిలో బాదం బిస్కట్ల పళ్లెం. అల్వీసే తెల్లబోయాడు. "తాళంచెవి ఎక్కడ పెట్టావో ఫోన్లో పంపిస్తానన్నావు కదా?"

"మిమ్మల్ని చూడకుండా ఎలా అన్నా. నివేసక్కా, ఏం మారలేదు నువ్వు." నన్ను వాటేసుకుంది. నేను కర్రలా నిలబడ్డాను. మమ్మల్ని వెళ్లగొట్టినవాడి కూతురు కదా. "రేపు పదింటికల్లా తాళంచెవి ఇచ్చెయ్యాలక్కా, పదకొండుకి జర్మనీ వాళ్లొస్తారు. లేకపోతే ఇంకో రోజు ఉండమనేదాన్ని. నాన్న ఉంటే ఎంత సంతోషించేవాడో. పోయేదాకా అదే మాట. అల్వీసే లాంటివాడు మళ్లీ అద్దెకి దొరకడు, ఎందుకు ఖాళీ చేస్తానన్నాడో, ఎంత బతిమాలినా వినలేదు అనేవాడు."

అల్వీసే బిస్కట్ల పళ్లెం అందుకున్నాడు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు పట్టుకునే నిలబడ్డాడు. ఫియోరెల్లా మా ఇద్దరి ముఖాలూ చూసి, తొందర పనేదో గుర్తొచ్చినట్టు వెళ్లిపోయింది.

వంటింట్లో అన్నీ తెల్ల బీరువాలు. కిటికీ గట్టు మాత్రం అదే పాలరాయి. నేను ఇస్త్రీపెట్టె పడేసినప్పుడు విరిగిన అంచు అలాగే ఉంది. దాని మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను.

"ఖాళీ చేస్తానన్నది నువ్వా?"

"నివేస్..."

"అవునా, కాదా?"

"అవును."

"చచ్చినవాణ్ణి పదకొండేళ్లుగా తిట్టించావు కదయ్యా నాచేత. ఎందుకు?"

అల్వీసే పళ్లెం కింద పెట్టాడు. కిటికీ గట్టు వైపు చెయ్యి చూపించాడు.

"ఆ ఏడు సాన్ మార్కో రోజు నాకు రెండు డ్యూటీలు పడ్డాయి. మొగ్గ కొనడం మర్చిపోయాను. సాయంత్రం ఇంటికొస్తే అక్కడ గాజుగ్లాసులో మొగ్గ ఉంది. నేనివ్వనిది."

"అయితే?"

"పొద్దున రేవులో గిల్డోని చూశాను. చేతిలో రెండు మొగ్గలున్నాయి. పెళ్లి కానివాడికి రెండెందుకు? ఒకటి వాళ్లమ్మకి. రెండోది?"

గిల్డో మా పై అంతస్తులో ఉండేవాడు. చేపల మార్కెట్లో పని. మెట్లెక్కుతూ పాడేవాడు. వంతెనల మీద నా సరుకుల బండి పట్టేవాడు, నాదే కాదు, ఎవరిదైనా. ఇందాక కాలవలో అల్వీసే వెతికింది ఆ పై కిటికీలే. అతని కళ్లు వెతికింది ఆడదాన్ని కాదు, మగవాణ్ణి.

"అందుకని ఊరు మార్పించేశావు."

"నిన్ను పోగొట్టుకుంటానేమోనని."

"నన్ను అడగొచ్చు కదా."

"అడిగితే అవునంటావేమోనని భయమేసింది."

అల్వీసే నావైపు చూశాడు. ఇప్పుడైనా చెప్పు అన్నట్టుంది ఆ చూపు. కానీ ఇప్పుడూ అడగలేదు.

ఆ మొగ్గ నేనే కొనుక్కున్నాను. ఆ మధ్యాహ్నం ఎదురింటి వాండా కిటికీలోంచి తన మొగ్గ ఊపుతూ, "నీదేదీ నివేస్?" అంది. "లోపలుంది," అన్నాను. తర్వాత వెనక మెట్ల మీంచి దిగి, వంతెన దగ్గర పూలమ్మే ఇనేస్ బుట్టలోంచి ఒకటి తీసుకుని, వాండాకి కనబడేలా గట్టు మీద పెట్టాను. సాయంత్రం అల్వీసే వచ్చాడు. గ్లాసు చూశాడు. చేతులు కడుక్కున్నాడు. తిన్నాడు. ఒక్క మాట అడగలేదు. నేనే కొనుక్కున్నానని చెప్పడానికి నాకు అభిమానం అడ్డొచ్చింది. మర్చిపోయినందుకు కాదు, చూసి కూడా సిగ్గుపడనందుకు నాకు ఒళ్లు మండింది. వారం రోజులు ముభావంగా ఉన్నాను. ఆ ముభావాన్ని అతనేమని అర్థం చేసుకున్నాడో ఇప్పుడు తెలిసింది.

ఒక్క ముక్కలో చెప్పెయ్యొచ్చు. చెప్పలేదు. నా ఊరు, నా వీధి, నా కిటికీ తీసేసుకున్నవాడికి అంత సులువుగా నెమ్మది ఎందుకివ్వాలి? నాకు కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ మింగాను. సాయంత్రం ఉల్లిపాయ వేసి వెనిగర్ పోసిన సార్దీన్ చేపలు తెచ్చుకుని తిన్నాం. మంచానికి చెరో అంచున పడుకున్నాం.

పొద్దున ఏడింటికి తలుపు మెల్లగా మూసిన చప్పుడైంది. నేనూ లేచాను. వెనక మెట్లు అలాగే ఉన్నాయి. ఇనేస్ లేదు, ఆమె చోట ముఖాలకి పెట్టుకునే ముసుగుల దుకాణముంది. దాని ముందు ఒకతను బకెట్లో మొగ్గలు పెట్టుకుని అమ్ముతున్నాడు. ఒకటి తీసుకున్నాను. వంటింట్లో గాజుగ్లాసు వెతికి, నీళ్లు పోసి, గట్టు మీద విరిగిన అంచు పక్కన పెట్టాను. ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

అల్వీసే తొమ్మిది దాటాక వచ్చాడు. కుడిచెయ్యి వెనక దాచుకున్నాడు. ముఖంలో చిన్న నవ్వుంది. గ్లాసు కనబడగానే ఆ నవ్వు పోయింది.

తన మొగ్గ బల్ల మీద పెట్టాడు. కుళాయి దగ్గరికి వెళ్లి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టాడు. అచ్చం ఆరోజులాగే. నీళ్లు పోతూనే ఉన్నాయి. అయిపోయింది, ఈ మనిషి ఇప్పుడూ అడగడు అనుకున్నాను. ఇవాళ అడక్కపోతే ఇతనితో రైలెక్కకూడదనుకున్నాను.

కుళాయి ఆగింది. అటే తిరిగి, "ఎవరిచ్చారు?" అన్నాడు.

"నేనే కొనుక్కున్నాను."

"ఇదా?"

"ఇదీ, అదీ. నువ్వు మర్చిపోయావు. వాండా అడిగింది. తలవంపులై ఇనేస్ దగ్గర కొని పెట్టుకున్నాను."

"మరి గిల్డో..."

"వాళ్లమ్మకొకటి, వాళ్ల పిన్నికొకటి. ఏటేటా అంతే. మెట్ల మీద అడిగితే వాడే చెప్పేవాడు."

అల్వీసే తడిచేతులతోనే కుర్చీలో కూలబడ్డాడు. "అంతేనా?" అన్నాడు.

"అంతే."

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"అప్పుడే ఎందుకడగలేదు?"

అతను ఏడ్చాడు, నేను చూడనట్టు కూర్చున్నాను. కాసేపటికి లేచి, బల్ల మీది మొగ్గ తీసి నా చేతికిచ్చాడు. దాన్ని కూడా గ్లాసులో పెట్టాను. ఎదురుగా వాండా కిటికీ మూసి ఉంది. చూడ్డానికి వీధిలో ఎవరూ మిగల్లేదు.

"ఇంకొంచెంసేపు కూర్చుందామా?" అన్నాడు.

కింద సందులో పెట్టెల చక్రాల చప్పుడు వినిపించింది. గోడ గడియారంలో పది కావడానికి పన్నెండు నిమిషాలుంది. తాళంచెవి అతని జేబులో ఉందో లేదో తడిమి చూసి, గట్టు తుడవడానికి గుడ్డ అందుకున్నాను.