నేల మీద నడిచిన ఇంజన్

రోలాండ్ సీవర్స్ బెల్ క్రీక్ ధాన్యం గిడ్డంగిలో కాటా దగ్గర పనిచేస్తాడు. లారీ వస్తుంది, తూస్తాడు, చీటీ ఇస్తాడు. యాభయ్యో ఏట విమానం నడపడం నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నాడు. ఆ మరుసటి ఏడాదే గుండెకు ఆపరేషన్ జరిగింది. రెండేళ్ళు నేల మీదే ఉండిపోయాడు. ఆ తర్వాత మార్చిలో పైలట్లను పరీక్షించే డాక్టరు అతన్ని ట్రెడ్‌మిల్ మీద నడిపించి, సెప్టెంబరు నెలాఖరు దాకా ఎగరవచ్చని కాగితం ఇచ్చాడు.

"ఈసారికి గట్టెక్కావు," అన్నాడు డాక్టరు. "సెప్టెంబరులో మళ్ళీ ఇదే పరీక్ష. అప్పుడు నెగ్గుతావని నేను అనుకోవడం లేదు. ఎగరాలనుంటే ఈ వేసవిలోనే ఎగురు."

గుండె ఆపరేషన్ అయినవాడికి విమానం అద్దెకిచ్చేవాళ్ళు నెబ్రాస్కా రాష్ట్రంలో ఆ ఊరి చుట్టుపక్కల లేరు. సొంతంగా కొనుక్కోవాలి. ఊళ్ళో అమ్మకానికున్నది ఒక్కటే. అది ఎమెట్ హ్రుస్కా విమానం. 1961లో తయారైంది. నాలుగు సీట్లు, ఒకటే ఇంజన్. ఎమెట్ చనిపోయి మూడేళ్ళయింది. అతని భార్య లోర్నా ఇన్నాళ్ళకు దాన్ని అమ్మడానికి ఒప్పుకుంది.

ఆ మూడేళ్ళూ విమానాన్ని చూసుకున్నది ఎమెట్ స్నేహితులు ఇద్దరు, మెర్ల్ స్టాండర్, డెల్బర్ట్ పొకోర్నీ. ఇద్దరూ డెబ్భై దాటినవాళ్ళు, ఇద్దరూ పైలట్లు. ప్రతి శనివారం పొద్దున పదింటికి షెడ్డు తలుపులు తీసి, విమానాన్ని బయటికి నెట్టి, ఇంజన్ స్టార్ట్ చేసేవాళ్ళు. పావుగంట నడిపి ఆపేవాళ్ళు. మళ్ళీ లోపలికి నెట్టేవాళ్ళు. మంచు పడినా, ఎండ కాసినా ఆ పని మానలేదు. ఎగరడానికి మాత్రం లోర్నా ఒప్పుకోలేదు. ఎమెట్ సీట్లో ఇంకొకరు కూర్చుని పైకి వెళ్ళడం చూడలేనంది. ఆమె ఇల్లు రోడ్డుకు అవతల ఉంది. ఇంజన్ చప్పుడు ఆగగానే దాల్చినచెక్క రొట్టెలు పళ్ళెంలో పెట్టుకుని షెడ్డు దగ్గరికి వచ్చేది.

రోలాండ్ కొంటాడని తెలిశాక ఇద్దరూ అతన్ని షెడ్డులో కూర్చోబెట్టారు.

"మొదటి విమానం కదా, బుద్ధిగా విను," అన్నాడు మెర్ల్. "ఒకటి. దిగగానే ట్యాంకులు నింపెయ్. సగం ఖాళీగా వదిలావంటే లోపల నీళ్ళు చేరతాయి. రెండు. ఎలుకలు. రెక్కల్లో గూడు పెడతాయి. కన్నం కనబడితే ఇనుప పీచు కుక్కు."

"మూడు, మెకానిక్కుతో తగాదా పెట్టుకోకు," అన్నాడు డెల్బర్ట్. "పెళ్ళాంతోనైనా పెట్టుకో గానీ."

"నాకు పెళ్ళాం లేదు డెల్బర్ట్."

"చూశావా మెర్ల్, వీడు అప్పుడే మనకంటే ముందున్నాడు."

"నువ్వు నోరు మూసుకోరా. అబ్బాయ్, అసలు సంగతి విను. పాత విమానాల్లో చూడాల్సింది ఇంజన్ ఎన్ని గంటలు నడిచిందని కాదు. ఊరికే పడి ఉందా లేదా అని. పడి ఉన్న ఇంజన్ తుప్పు పడుతుంది. ఈ ఇంజన్ ఒక్క వారం కూడా పడి లేదు. నా చేత్తో నడిపాను."

కొనేముందు మెకానిక్కుకు చూపించాలని రోలాండ్‌కు తెలుసు. ఇద్దరూ అదే చెప్పారు. నలభై మైళ్ళ దూరం నుంచి వర్జిల్ టీట్జ్ వచ్చాడు. ఎమెట్ ఉన్నప్పుడు కూడా ఆ విమానం పని చూసింది అతనే. రెక్కలు చూశాడు, తీగలు చూశాడు, నాలుగు సిలిండర్లలో గాలి నింపి ఒత్తిడి చూశాడు. మెర్ల్, డెల్బర్ట్ పక్కనే నిలబడ్డారు. లోర్నా కాఫీ తెచ్చింది.

"ఈ మూడేళ్ళలో ఎవరైనా ఎగరేశారా?" అని అడిగాడు వర్జిల్.

"ఎగరలేదు. ప్రతి శనివారం నడిపాం," అన్నాడు మెర్ల్.

"ఎక్కడ?"

"ఎక్కడేమిటి, ఇక్కడే. షెడ్డు ముందర. పావుగంట."

వర్జిల్ చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. లోర్నా అతని కప్పులో కాఫీ పోస్తోంది. ఆమె పోయడం అయ్యేదాకా ఆగి, రోలాండ్ వైపు తిరిగాడు.

"ఒత్తిడి బాగానే ఉంది. కావాలంటే ఒక సిలిండర్ విప్పి లోపల చూస్తాను."

"నడుస్తున్న ఇంజన్ విప్పడం దేనికయ్యా?" అన్నాడు మెర్ల్. "విప్పిందేదీ మునుపటిలా బిగుసుకోదు. అబ్బాయ్, ఇంకో సలహా రాసుకో. మెకానిక్కుకి పని లేకపోతే పని పుట్టిస్తాడు."

అందరూ నవ్వారు. వర్జిల్ కూడా నవ్వాడు.

"విప్పితే ఎన్నాళ్ళు పడుతుంది?" అని అడిగాడు రోలాండ్.

"రెండు వారాలు. కొత్త రబ్బర్లు తెప్పించాలి."

అప్పటికే ఏప్రిల్ వచ్చింది. రోలాండ్ విమానం వైపు చూశాడు. "వద్దులే," అన్నాడు. తండ్రి వదిలిన పొలం ముక్క అమ్మి విమానం కొన్నాడు.

మే నెలంతా ఎగిరాడు. గిడ్డంగి పని అయ్యాక సాయంత్రాలు వెళ్ళేవాడు. ప్లాట్ నది వెంబడి పడమటికి వెళ్ళి, కెర్నీ వంతెన దగ్గర తిరిగి, చీకటి పడకముందే వచ్చేవాడు. తాను పనిచేసే కాటా పైనుంచి అగ్గిపెట్టెంత ఉందని డెల్బర్ట్‌తో చెప్పాడు. జూన్‌లో పసిఫిక్ సముద్రం దాకా వెళ్ళి రావాలని గిడ్డంగిలో సెలవు అడిగాడు. సముద్రం అతను ఎప్పుడూ చూడలేదు.

బయల్దేరే ముందు ఆయిల్ మార్చడానికి వర్జిల్‌ను పిలిచాడు. వర్జిల్ పాత ఆయిల్ ఫిల్టరు కోసి, లోపలి కాగితం మడతలు విప్పి బల్ల మీద పరిచాడు. కాగితం మెరిసింది. జేబులోంచి అయస్కాంతం తీసి ఆ మెరుపు మీద పెట్టాడు. అంటుకుంది.

"ఇనుము," అన్నాడు.

ఆ రోజే ఒక సిలిండర్ విప్పాడు. టార్చి లైటు రోలాండ్ చేతికిచ్చి లోపల చూడమన్నాడు. వాల్వులను ఎత్తే ఇరుసు అక్కడ కనిపిస్తుంది. దాని మీద ఉబ్బెత్తులు అద్దంలా ఉండాలి. రెండింటి మీద గుంటలు పడ్డాయి. గుంటల అంచుల నుంచి ఇనుము రాలుతోంది.

"ఎందుకిలా అయింది?" అన్నాడు రోలాండ్.

"తుప్పు. పెట్రోలు కాలితే నీటి ఆవిరి పుడుతుంది. అది ఆయిల్‌లో కలుస్తుంది. గంటసేపు పైన ఎగిరితే ఆయిల్ బాగా కాగి ఆ నీరు పోతుంది. నేల మీద పావుగంట నడిపితే నీరు పుడుతుంది గానీ పోదు. మూసి లోపల పెడతారు. వారం తర్వాత మళ్ళీ కాస్త నీరు పోస్తారు."

"ఊరికే వదిలేసి ఉంటే?"

"ఇంతకంటే మేలుగా ఉండేది."

రోలాండ్ టార్చి ఆర్పి బల్ల మీద పెట్టాడు. "ఏప్రిల్‌లో నీకు తెలుసా?"

"తెలియదు. అనుమానం."

"మరి చెప్పలేదేం?"

"సిలిండర్ విప్పుదామన్నాను కదయ్యా."

"ఎందుకు విప్పాలో చెప్పలేదు."

"ఆవిడ అక్కడే నిలబడి ఉంది," అన్నాడు వర్జిల్. "వాళ్ళిద్దరూ ఉన్నారు. మూడేళ్ళ పాటు చేశారు పాపం. ఏమని చెప్పను?"

"నాకు చెప్పాలి. కొన్నది నేను."

వర్జిల్ పనిముట్లు పెట్టెలో సర్దుకున్నాడు.

ఇంజన్ దింపి, పెట్టెలో పెట్టి, ఇంజన్లు తిరగకట్టే కార్ఖానాకు లారీలో పంపారు. అందుకు రోలాండ్ బ్యాంకులో అప్పు తీసుకున్నాడు. అది పొలాల మీద మందు చల్లే విమానాల కాలం. వాటి ఇంజన్లు ముందు, తక్కినవి తర్వాత అని కార్ఖానావాళ్ళు చెప్పారు. జూలైలో ఫోన్ చేస్తే ఆగస్టు అన్నారు. ఆగస్టులో చేస్తే ఇరుసు ఇంకా రాలేదన్నారు. రోలాండ్ కాటా దగ్గర కూర్చుని గోధుమ లారీలు తూచాడు. షెడ్డు వైపు వెళ్ళడం తగ్గించాడు. ముక్కు లేని విమానాన్ని చూడబుద్ధి కావడం లేదని గిడ్డంగిలో ఎవరితోనో అన్నాడు.

మెర్ల్, డెల్బర్ట్ ఒకరోజు కాటా గదికి వచ్చారు. టోపీలు చేతిలో పట్టుకున్నారు.

"వర్జిల్ చెప్పాడు," అన్నాడు మెర్ల్. "మేం మంచికే చేశామబ్బాయ్."

"తెలుసు."

"నలభై ఏళ్ళు ఎగిరాను. నాకు తెలియకపోవడమేమిటో అర్థం కావడం లేదు. ఎమెట్ విమానం చల్లబడిపోకూడదని, అదొక్కటే బుర్రలో ఉంది."

"ఇప్పుడేం కావాలి మెర్ల్?"

మెర్ల్ డెల్బర్ట్ వైపు చూశాడు. డెల్బర్ట్ చెప్పాడు. "లోర్నాకి తెలియనివ్వకు. ఇంజన్‌లో ఏదో పాతబడిందని చెప్పు. మా వల్ల అని తెలిస్తే ఆవిడ మొహం ఎలా చూస్తాం?"

"నా మొహం చూస్తున్నారు కదా."

డెల్బర్ట్ టోపీ పెట్టుకున్నాడు. లారీ కాటా మీదికి వచ్చింది. రోలాండ్ తూచాడు, చీటీ రాశాడు, కిటికీలోంచి ఇచ్చాడు.

"చెప్పనులే. వెళ్ళండి," అన్నాడు.

అతను చెప్పలేదు. ఆగస్టు చివర లోర్నాయే అతని ఇంటికి వచ్చింది. పళ్ళెం మీద గుడ్డ కప్పి రొట్టెలు తెచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఇంజన్ సంగతి విన్నాను. ఇరుసేనా?" అంది.

"పాతది కదండీ. ఎక్కడో అరిగింది."

"అబద్ధం నీకు చేతకాదు నాయనా. ఎమెట్ అలా స్టార్ట్ చేసి ఆపేవాళ్ళని చూస్తే అరిచేవాడు. ఎగిరితే ఎగరండి, లేకపోతే దాని జోలికి వెళ్ళకండి అని. మెర్ల్‌నే ఒకసారి మా ఇంటి ముందు రోడ్డు దాకా తరుముకొచ్చాడు. మెర్ల్‌కి గుర్తున్నట్టు లేదు."

రోలాండ్ ఆమె వైపు చూశాడు. "అయితే మీకు మొదటినుంచీ తెలుసా?"

"తెలుసు."

"వాళ్ళని ఆపలేదేం?"

"పది కొట్టగానే ఆ చప్పుడు వినిపించేది. వంటింట్లో ఉండేదాన్ని. పావుగంట పాటు ఆయన షెడ్డులో ఉన్నట్టే ఉండేది. వద్దంటే ఆ పావుగంట కూడా పోతుంది." పళ్ళెం బల్ల మీద పెట్టింది. "నువ్వు కొనడానికి వచ్చినప్పుడు చెప్పాల్సింది. నోరు రాలేదు."

"నాకు ఈ వేసవి ఒక్కటే ఉంది లోర్నా గారూ. ఆ సంగతి మీకు తెలుసు."

"తెలుసు. ఊరందరికీ తెలుసు."

ఆమె వెళ్ళిపోయింది. రోలాండ్ పళ్ళెం మీది గుడ్డ తీయలేదు. మర్నాడు రొట్టెలు గిడ్డంగికి పట్టుకెళ్ళి లారీ డ్రైవర్ల ముందు పెట్టాడు.

సెప్టెంబరులో ట్రెడ్‌మిల్ ఎక్కాడు. డాక్టరు సగంలోనే ఆపించాడు. కాగితం మీద సంతకం పెట్టలేదు. "మళ్ళీ ప్రయత్నించవచ్చా?" అని రోలాండ్ అడిగాడు. "ఆ కొండ ఇంకోసారి ఎక్కించొద్దు నీ గుండెని," అన్నాడు డాక్టరు.

ఇంజన్ అక్టోబరు రెండో వారంలో వచ్చింది. వర్జిల్ బిగించాడు, తానే ఒకసారి ఎగిరి చూసి దిగాడు. కొత్తగా కట్టిన ఇంజన్‌ను వెంటనే, ఆగకుండా, కనీసం గంటసేపు ఎగరేయాలని చెప్పాడు. రోలాండ్ ఒక్కడూ ఎగరడానికి ఇక చట్టం ఒప్పదు. కాగితం ఉన్న పైలట్ ఎవరైనా పక్కన కూర్చుని బాధ్యత తీసుకుంటే అతనూ నడపవచ్చు. వర్జిల్‌కు ఇంకో ఊళ్ళో పని ఉంది. డెల్బర్ట్ కాగితానికి వేసవిలోనే గడువు తీరింది, కళ్ళు సరిగా కనబడక మళ్ళీ తెచ్చుకోలేదు. మిగిలింది మెర్ల్.

"నేను వస్తానబ్బాయ్," అన్నాడు మెర్ల్. "ఎడమ సీట్లో నువ్వే కూర్చో. నేను చెయ్యి కూడా పెట్టను."

రోలాండ్ కాసేపు షెడ్డు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత వెళ్ళి ఎడమ సీట్లో కూర్చున్నాడు.

ఎగిరారు. నది వెంబడి పడమటికి తిప్పాడు రోలాండ్. మొక్కజొన్న కోతలు సగం అయ్యాయి. హెడ్‌ఫోన్లలో మెర్ల్ గొంతు మొదలైంది.

"కుడి కాలు నొక్కు. ముక్కు పక్కకి పోతోంది."

రోలాండ్ నొక్కాడు.

"కొత్త ఇంజన్‌కి గాలి తగలాలి. ముక్కు కాస్త దించు. ఆయిల్ వేడి చూస్తున్నావా? నువ్వు చూడవు, నాకు తెలుసు. మొదటి ఇరవై అయిదు గంటలు చాలా ముఖ్యం. రోజూ ఎగరేయాలి. నీకు కుదరనప్పుడు నాకు చెప్పు, నేను..."

మెర్ల్ ఆగాడు.

"అంటే, నీకు అభ్యంతరం లేకపోతేనే," అన్నాడు.

"రేపు అమ్మకానికి పెడుతున్నాను మెర్ల్."

"అయ్యో, అంత తొందరేముంది! పాత విమానం అమ్మాలంటే శీతాకాలం మంచిది కాదు. వసంతం దాకా ఆగు. ముందు రంగు వేయించు. సీట్లు కుట్టించు. కొనేవాడు మొదట చూసేది సీట్లే. నా మాట విను, నేను నాలుగు అమ్మాను..."

రోలాండ్ హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. పక్కన మెర్ల్ పెదవులు కదులుతూనే ఉన్నాయి. క్యాబిన్ నిండా ఇంజన్ మోత. ఎక్కడా తడబాటు లేదు. ముందు కెర్నీ వంతెన కనిపించింది. రోలాండ్ నడిపే చక్రం మీంచి చేతులు తీసి, నడపమని మెర్ల్‌కు సైగ చేశాడు. మెర్ల్ పట్టుకుని, విమానాన్ని ఇంటివైపు తిప్పాడు.