గంగయ్య చావుకు ఐదుగురు

పోలీసు యాక్షన్ జరిగిన నాలుగేళ్లకు ఖానాపూర్ పక్కపల్లెలో వానలు మొహం చాటేశాయి. ఇండ్లలో పొయ్యిలు ఆరిపోయాయి. దొర గింజల కొట్టంలో మాత్రం జొన్నలు పురుగు పట్టిపోతున్నా ఒక్క మానెడు బయటికి రాలేదు. ఒకనాడు యాదవ్వ నలుగురు మగవాళ్లను వెంటేసుకుని, పట్టపగలే కొట్టం తాళం పగలగొట్టింది.

కావలి గంగయ్య కర్ర అడ్డం పెట్టాడు. ఆ తొందరలో ఆ నలుగురిలో ఒకడైన రాజయ్య అడుగున ఉన్న బస్తా గుంజాడు. పైన పేర్చినవన్నీ గంగయ్య మీద కూలాయి. మగవాళ్లు పారిపోయారు. యాదవ్వ బస్తాలు పక్కకు నెట్టి, అతని తల ఒళ్లో పెట్టుకుంది. నోట్లో పోసిన నీళ్లు చెంప మీదుగా కారిపోయాయి. పోలీసులు వచ్చేదాకా ఆమె కదల్లేదు.

వారంలో మిగతా నలుగురూ దొరికారు. ఐదుగురి మీదా హత్య నేరం మోపారు. కలిసి దోపిడీకి పోయారు కాబట్టి, ఎవరి చేతిలో ప్రాణం పోయినా అందరూ హంతకులేనన్నది సర్కారు వాదన.

యాదవ్వ తరఫు వకీలు లక్ష్మీరాజం జైలుకొచ్చాడు.

"బస్తా గుంజిందెవరో చెప్పు. సర్కారు సాక్షివైతే నిన్ను ఇడిసిపెడ్తరు."

"చెప్తే ఆనికి ఉరి పడ్తది. ఆడు సంపుదామని గుంజలే వకీలు సాబ్, ఆకలికి గుంజిండు."

"పోనీ, నువ్వు లోపలికి పోలేదను."

"తాళం పలగ్గొట్టిందే నేనైతే!"

ఆదిలాబాద్ కోర్టు బోనులోనూ అదే చెప్పింది. "గింజలకే పోయినం అయ్యా. దొంగతనానికి ఎన్నేండ్లన్న ఎయ్యిండ్రి. సంపిన్రంటే మాత్రం ఒప్పుకోను."

"మీరు పోకపోతే గంగయ్య బతికే ఉండేవాడు కదా?" అన్నాడు సర్కారు వకీలు.

యాదవ్వ తలెత్తి అతన్ని చూసింది.

"ఉండేటోడు. గా మాట నాకెరుకే. గింజలకు పురుగులు వడ్తున్నా, ఊరు ఎండుతున్నా తాళమేసినోడు గీ బోనుల ఎందుకు లేడు? గది గూడ అడుగుండ్రి."

చంపే ఉద్దేశం లేదని జడ్జి హత్య నేరం కొట్టేశాడు. దోపిడీకి తలా ఏడేళ్లు వేశాడు. రాజయ్య బోరున ఏడ్చాడు.

కోర్టు వాకిట్లో గంగయ్య పెండ్లాం భూమవ్వ నిలబడి ఉంది. యాదవ్వ ఆమె ముందు ఆగింది.

"అక్కా..."

"నా ముంగట నిలవడకు."

యాదవ్వ తలవంచి పక్కకు జరిగింది.

గేటు దగ్గర జనం మూగారు. కొంగు మొహానికి కప్పుకోమన్నాడు జవాను.

"ఎందుకు కప్పుకుంట?" అంటూ యాదవ్వ అందరినీ చూస్తూ జైలు లారీ ఎక్కింది.