మద్దెల నిజంగానే ఓడు

ఆ ఇంట్లో కారుకు జరిగే మర్యాద ఇంకెవరికీ జరగదు. మామగారు జీవితమంతా సిటీ బస్సు తోలి రిటైరైన మనిషి. తనకంటూ కొనుక్కున్న ఒకే ఒక్క పాత కారును ఆయన "మా పెద్దమ్మాయి" అంటారు. పొద్దున్నే దాని ఒళ్లు తుడిచాకే తన మొహం కడుక్కుంటారు. మామగారి కూతురంటే కోడలికి ఆడబిడ్డ అవ్వాలి కదా! కోడలు కూడా దాన్ని ఆడబిడ్డ అనే పిలిచేది, కాకపోతే పళ్లు నూరుతూ. ఆడబిడ్డ అర్ధమొగుడు అన్నారు పెద్దలు. ఈ ఆడబిడ్డ సాధింపు ముందు అసలు మొగుడు ఎంత!

మామగారు తోలితే పరుగు. ఆయన కొడుకు తోలితే పరుగు. కోడలు క్లచ్ వదిలి యాక్సిలరేటర్ మీద కాలు వేసిందో లేదో, ఇంజిన్ ఒక్క క్షణం గుటక మింగేది, దగ్గేది, బండి ముందుకూ వెనక్కూ ఊగేది. చదునైన రోడ్డు మీద ఎలాగో తేరుకునేది గానీ, ఎత్తు మీద నిలువునా ఆగిపోయేది.

డ్రైవింగ్ పరీక్షలో సరిగ్గా ఆ ఎత్తు మీదే బండి ఆపి మళ్లీ కదిలించాలి. రెండుసార్లు వెళ్లింది. రెండుసార్లూ ఇంజిన్ ఆగింది, బండి వెనక్కి జారింది, ఆమె తప్పింది. కోడలు నర్సు. ఇంటింటికీ తిరిగి బాలింతల్నీ పసిపిల్లల్నీ చూసే ఉద్యోగం ఆమెకు ఇస్తామన్నారు. ఏళ్ల తరబడి ఆమె కోరుకున్నది అదే. బండి ఆసుపత్రిది, లైసెన్సు మాత్రం తను తెచ్చుకోవాలి. వచ్చే వారం మూడో పరీక్ష. అందులోనూ తప్పితే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

"బండిలోనే ఏదో ఉంది మామయ్యా" అంది ఆ సాయంత్రం.

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది! నేను తోలితే రాని దగ్గు నువ్వు తోలితేనే ఎందుకొస్తుందమ్మా? ఈసారి తప్పావంటే మా పెద్దమ్మాయిని మళ్లీ ముట్టుకోనివ్వను."

భర్త పేపర్లోంచి తల ఎత్తకుండానే, "కాలు కుదరాలోయ్, నెమ్మదిగా అదే కుదురుతుంది" అన్నాడు. అంత ఓదార్పుగా చెప్పేసరికి ఆమెకు ఒళ్లు మండిపోయింది.

అలాగని మెకానిక్‌కి చూపించకపోలేదు. మామగారే స్వయంగా తోలుకెళ్లారు. మెకానిక్ బానెట్ ఎత్తి, బండి నిలబెట్టే ఇంజిన్‌ని రయ్యిమనిపించి, "బంగారంలా ఉంది పెద్దాయనా" అన్నాడు. ఆ మాటను మామగారు ఇంటికొచ్చి మూడు గదుల్లోనూ చెప్పారు.

కోడలు రాత్రంతా కుమిలింది. నిజంగా నా కాలిదే తప్పేమో అనుకుంది. తెల్లారేసరికి మాత్రం ఆమెలోని నర్సు లేచి కూర్చుంది. వార్డులో అంతుచిక్కని జబ్బు వస్తే ఆమె రోగిని వదిలి, పక్కనున్న చుట్టాలను చూసేది. చాటుగా ఎవరో ఒకరు ఏదో ఒకటి తాగిస్తూనే ఉంటారు. ఇన్నాళ్లూ తను కారునే చూసింది. తోలేవాళ్లను చూడనే లేదు.

మర్నాడు నలుగురూ కలిసి బజారుకు వెళ్తుంటే అత్తగారి పక్కన వెనక సీట్లో కూర్చుని, ముందుకు వంగి మామగారిని గమనించింది. దారిలో మలుపు దగ్గర బండి ఆగింది. మళ్లీ కదిలే ముందు ఆయన ఎడమచెయ్యి స్టీరింగ్ వదిలి, కింద ఉన్న చోక్ పిడిని వేలెడంత బయటికి లాగింది. బండి హాయిగా కదిలింది. చెయ్యి పిడిని లోపలికి తోసేసి తన చోటికి తను వచ్చేసింది.

"మామయ్యా, చోక్ ఎందుకు లాగారు? అది పొద్దున్న చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయడానికి కదా?"

"నేనా? నేనెక్కడ లాగాను?"

"అయ్యో రాత, ఆగిన ప్రతిచోటా లాగుతారుగా!" అన్నారు అత్తగారు. "ఎప్పటి నుంచో చూస్తున్నా. అదేదో బండికి దణ్ణం పెట్టుకోవడం అనుకున్నాను."

తిరుగు దారిలో భర్త చేత తోలించింది. అతను చోక్ ముట్టుకోలేదు. కానీ కదిలే ముందు అతని కాలు యాక్సిలరేటర్‌ని టపటపా రెండుసార్లు తట్టి, అప్పుడు తొక్కింది. ఆమెకు నేర్పినప్పుడేమో "మెల్లగా ఒక్కసారే తొక్కాలి" అని నూరిపోసిన మహానుభావుడు ఇతనే! నోరు చెప్పేది ఒకటి, కాలు చేసేది ఇంకొకటి. అడిగితే, "నేను తట్టానా?" అని తన కాలి వంక తనే వింతగా చూసుకున్నాడు.

కోడలికి నవ్వు ఆగలేదు. బండి దగ్గు వాళ్లిద్దరికీ వచ్చేదే. మెల్లమెల్లగా వచ్చిన జబ్బు కాబట్టి, వాళ్ల చేతులూ కాళ్లూ మెల్లమెల్లగా మందు కనిపెట్టుకున్నాయి. బుర్రలకు మాత్రం కబురు అందలేదు. పుస్తకంలో ఉన్నట్టు తోలింది ఆ ఇంట్లో తనొక్కతే. ఇద్దరి చిట్కాలకూ అర్థం ఒకటే, ముందుగా కాస్త ఎక్కువ పెట్రోలు తాగించడం. అంటే కాలు నొక్కిన ఆ క్షణంలో ఇంజిన్‌కి పెట్రోలు చాలడం లేదు!

ఈసారి భర్తను తోడు తీసుకుని గ్యారేజీకి తనే తోలుకెళ్లింది. మెకానిక్‌ని పక్కన కూర్చోబెట్టుకుని, ఫ్లైఓవర్ ఎత్తు మీద ఆపి, పుస్తకంలో ఉన్నట్టే కదిలించింది. ఆడబిడ్డ దగ్గి, ఊగి, ఆగిపోయింది. ఆ దగ్గు విని ఆమె అంత సంతోషించింది ఆ ఒక్కసారే.

"అమ్మా, నిలబెట్టి చూస్తే తెలియలేదు, నాదే పొరపాటు" అన్నాడు మెకానిక్. గ్యారేజీకి తెచ్చి, ఇంజిన్ ఆపి, ఎయిర్ ఫిల్టర్ మూత తీసి, గాలీ పెట్రోలూ కలిసే కార్బురేటర్ నోట్లోకి టార్చి వేశాడు. "యాక్సిలరేటర్ తొక్కగానే గాలి ముందు దూకుతుంది, పెట్రోలు వెనకబడుతుంది. అందుకని ఇక్కడ చిన్న పంపు ఉంటుంది. తొక్కినప్పుడల్లా ఒక ధార కొట్టాలి. చూడండి."

అతను వేలితో మీట కదిపాడు. ధార రాలేదు. ఒక్క బొట్టు వేలాడి, జారిపోయింది.

"సిరంజిలో రబ్బరు పాడైతే ఇంతే బాబాయ్! ఎంత నొక్కినా మందు ముందుకు పోదు."

పంపు విప్పితే అచ్చం అదే. లోపలి రబ్బరు పొర బిరుసెక్కి, అంచున చిరిగి ఉంది. కొత్తది వేసి, మీట కదిపేసరికి పెట్రోలు సన్నటి తీగలా చివ్వున ఎగిరింది. కోడలు చిన్నపిల్లలా చప్పట్లు కొట్టి, మళ్లీ కదిపించుకుని చూసింది.

మామగారికి ఇది నచ్చలేదు. "చోక్ నేను సరదాకి లాగుతాను. మా పెద్దమ్మాయికి లేని రోగం అంటగట్టి ఆపరేషన్ చేయించింది" అని పరీక్ష రోజు దాకా బండి ఎక్కలేదు. ఆ రోజు మాత్రం, తప్పితే చూడాలనో ఏమో, అత్తగారితో పాటు వచ్చి మైదానం అంచున నిలబడ్డారు.

"మళ్లీ మీరేనా?" అన్నాడు పరీక్ష పెట్టే ఆఫీసరు, నిట్టూరుస్తూ పక్కన కూర్చుని.

"నేనే సార్. ఇదే ఆఖరిసారి."

ఎత్తు మధ్యలో ఆపమన్నాడు. ఆపింది. కదిలించమన్నాడు. అలవాటైన భయంతో ఒళ్లంతా బిగిసింది, అయినా కాలు పుస్తకంలో ఉన్నట్టే తొక్కింది. గుటక లేదు, దగ్గు లేదు. ఒక్క అంగుళం వెనక్కి జారకుండా బండి ఎత్తు మీదికి దూసుకెళ్లింది. పైకి చేరాక కోడలు గట్టిగా నవ్వేసింది, ఆఫీసరు ఏమనుకుంటే తనకేం! అతను కూడా నవ్వుతూనే సంతకం పెట్టాడు.

అత్తగారు అందరి ముందూ కోడల్ని కావలించుకున్నారు. మామగారు గొంతు సవరించుకుని, "సరే, ఇంటికి నేను తోలుతాను" అని స్టీరింగ్ ముందు కూర్చున్నారు. ఎడమచెయ్యి తనంతట తనే చోక్ లాగింది. పంపు కొత్తగా కొట్టే పెట్రోలుకు ఇదీ తోడయ్యేసరికి, బండి నల్లటి పొగ కక్కి, కుంటి, మైదానం గేటులోనే ఆగిపోయింది. ఆయన మళ్లీ స్టార్ట్ చేశారు. చెయ్యి మళ్లీ లాగింది. మళ్లీ ఆగింది. వెనకాల హారన్లు మొదలయ్యాయి.

కోడలు పెదవి కొరుక్కుని కూర్చుంది. అత్తగారికి అంత ఓపిక లేదు. "ఆడలేక..." అని మొదలుపెట్టి, నవ్వుతో పూర్తి చేయలేకపోయారు.

మామగారు బండికున్న తాళంచెవి పీకారు. తర్వాత దిగి, వెనక తలుపు తీసి, దాన్ని కోడలి చేతిలో పెట్టారు.

"మద్దెల నిజంగానే ఓడమ్మా" అన్నారు. "నాకే వినపడలేదు. నువ్వు తోలు."

కోడలు ముందుకొచ్చి, సీటు జరుపుకుని, ఎక్కువైన పెట్రోలు ఆరేదాకా ఆగి, ఇంజిన్ స్టార్ట్ చేసింది. పక్క సీట్లోంచి మామగారి చెయ్యి మెల్లగా చోక్ వైపు పాకింది.

"చెయ్యి తియ్యండి మామయ్యా."

ఆయన తీసేశారు. వదినా ఆడబిడ్డలు ఒక్క దగ్గు లేకుండా గేటు దాటారు.