ఆరు వీధుల రాణి

కలకత్తా గార్డెన్ రీచ్ క్వార్టర్స్‌లో ఆదివారం మధ్యాహ్నం పున్నమ్మ వంకాయలు తరుగుతోంది. ముందు గదిలో మొగుడు సత్యారావు పాటలో ఒక ఇంగ్లీషు మాట తప్పు పాడాడు. ఆమె వంటింట్లోంచే సరిదిద్దింది.

"నువ్వు కూర సూడే. పాట మేం సూసుకుంతాం" అన్నాడు. గిటారు కోదండం, డ్రమ్ముల కూర్మయ్య నవ్వారు.

ఆ మాట ఆమె రాసిందే. మిషన్ బడిలో నేర్చి, రేవు ఆఫీసులో టైపు కొడుతూ పదునుపెట్టుకున్న ఇంగ్లీషు ఆమెది. బస్సులో రాసుకునేది, అంట్లు తోముతూ బాణీ కట్టేది. పార్క్ స్ట్రీట్ హోటళ్లలో అందరూ విదేశీ పాటలే పాడుతున్న తొంభై ఆరులో ఈ ముగ్గురూ సొంత ఇంగ్లీషు పాటలతో రాక్ బ్యాండు పెడితే కాలేజీ పిల్లలు వెర్రెత్తిపోయారు. రెండేళ్లలో పదకొండు ప్రదర్శనలు, ఒక క్యాసెట్. చొక్కాల ఇస్త్రీ, రిహార్సల్ రోజు వంట పున్నమ్మవి.

క్యాసెట్ అట్ట మీద 'రచన, బాణీ: సత్యారావు' అని ఉంది.

"నా పేరేదీ?"

"మొగుడూ పెళ్లాల్లో నీదీ నాదీ ఏటే?"

అత్త అప్పమ్మ అందుకుంది. "ఆడదాని పేరు అట్ట మీదెక్కితే నలుగురూ నోట్లో ఏసుకోరేటి?"

కూరలో ఉప్పెక్కువైతే ఎవరు వండారో ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. పాట బాగుంటే మాత్రం ఎవరు కట్టారో ఎవరికీ అక్కర్లేదు. అనుకుంది, మింగేసింది. ఇన్నాళ్లూ మింగినవాటిలో అదొకటి.

పన్నెండో ప్రదర్శన సాల్ట్ లేక్‌లో. 'ఆరు వీధుల రాణి' పాటయ్యాక ఒక బెంగాలీ విలేకరి లేచి అడిగింది: "ఆరు వీధుల రాణి ఎవరు, దాదా?"

"మా అమ్మ" అన్నాడు సత్యారావు.

"ఏ ఆరు వీధులు?"

సత్యారావు కోదండం వైపు చూశాడు.

వెనక వరసలో పున్నమ్మకి ఒళ్లు మండిపోయింది. పేరు తీసుకున్నాడు, పోనీ అనుకుంది. ఇప్పుడు అమ్మనీ తీసుకుంటున్నాడు! లేచి బెంగాలీలో గట్టిగా చెప్పింది: "ఆవిడ మా అమ్మ, అప్పలకొండమ్మ. కార్పొరేషన్ చీపురుతో ఇరవై ఏళ్లు ఆ ఆరు వీధులూ ఊడ్చింది. ఆ పాట రాసింది నేను."

నడిచి వెళ్లి మైకు పట్టుకుంది. ఎవరికీ ఇవ్వకుండా దాచుకున్న చరణం, ఆరు వీధుల పేర్లూ ఉన్నది, వణుకుతున్న గొంతుతో ఎత్తుకుంది. సత్యారావు స్టేజీ దిగిపోయాడు. కోదండం గిటారు తీసుకుని అతని వెంట పోయాడు. కూర్మయ్య మాత్రం మెల్లగా దరువందుకున్నాడు. మూడో వీధి దగ్గరికొచ్చేసరికి ఆమె గొంతు నిలబడింది.

బ్యాండు ఆ సాయంత్రంతో సరి. మరుసటి ఆదివారం ఆమె చెప్పులేసుకుంటుంటే సత్యారావు అడ్డం నిలబడ్డాడు.

"బ్యాండుని సంపేసినావు. ఇంకా ఎక్కడికే?"

"కూర్మయ్యోలింటికి. పాడ్డానికి."

"నా పరువో?"

పున్నమ్మ అతని కళ్లలోకి సూటిగా చూసింది.

"బ్యాండు నీది, పోతే పోనీ. మాయమ్మ నాది. తప్పుకో."

అతను తప్పుకున్నాడు.