రేకులో చుక్కలు

మామగారికి ఎలా చెప్పాలో కోడలికి పాలుపోలేదు. ఆయన ఒకప్పుడు పల్చటి కార్బన్ రేకులోంచి ఎక్స్‌రేలు పంపి, అది ఎంత మింగుతుందో కొలిచిన మనిషి. ఆ అంకెనే ఇప్పటికీ అందరూ పట్టికలోంచి తీసి వాడుకుంటారు. ఆ సంగతి అడిగినవాళ్ళకు చెబుతారు. అడగనివాళ్ళకూ చెబుతారు.

కోడలు ఆయన పనిచేసిన ప్రయోగశాలలోనే, ద్రవాలు ఎక్స్‌రేలను ఎంత మింగుతాయో కొలుస్తుంది. ఆల్కహాలు ఒక పట్టాన లెక్కకు లొంగలేదు. పట్టికలోని అంకెలతో అందులోని కార్బన్, ఆక్సిజన్, హైడ్రోజన్ వాటాలు కూడితే వచ్చేదానికన్నా ఎక్కువే మింగుతోంది. విసిగిపోయి కొత్త కార్బన్ రేకు తెప్పించి కొలిచింది. మామగారి అంకెకన్నా పెద్దది వచ్చింది. వచ్చే వారం సదస్సులో అందరి ముందూ ఈ సంగతి చెప్పాలి. చెబితే ఆయన పరువు పోతుంది, చెప్పకపోతే తన పని మట్టిపాలవుతుంది.

ఆయన పాత రేకు చట్రంతో సహా ఇంట్లో బీరువాలోనే ఉంది. ఆదివారం ఆయన స్నానానికి వెళ్ళగానే దొంగలా తీసి దీపానికి అడ్డం పెట్టింది. నల్లటి రేకులో అక్కడక్కడా చుక్కలు మెరిశాయి. సన్నటి చిల్లులు. ఎక్స్‌రేలు కొన్ని కార్బన్‌కి చిక్కకుండా వాటిలోంచి జారిపోయి ఉంటాయి.

"ఏం చూస్తున్నావమ్మా?" గుమ్మంలో మామగారు.

ఇక దాచి లాభం లేదు. అంతా చెప్పేసింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని రేకు వంక చాలాసేపు చూశారు. ఆ మొహం చూసి ఆమె ప్రాణం ఉసూరుమంది.

"ఇవి తర్వాత పడ్డ చిల్లులేమో, మామయ్యా."

"తర్వాత పడి ఉంటే మన అంకెలు కలవాలి కదమ్మా." ఆయన కుర్చీలో కూలబడ్డారు. "ఉన్నది ఒక్క రేకు. ఊపిరి తగిలితే చిరిగేలా ఉండేది. కొలిచే ముందు దీపం దాకా తీసుకెళ్ళడానికి ధైర్యం చాలలేదు. కొలిచాక చూడాలని తోచలేదు." తలెత్తి అడిగారు. "మరి నీ రేకు చూశావా?"

కోడలు తల దించుకుంది. "ఒక్కటే ఉంది మామయ్యా. చిరిగిపోతుందేమోనని..."

ఆయన నవ్వారు. "పద, చెప్పులేసుకో."

ప్రయోగశాలలో ఆమె పరికరం మరలు విప్పి రేకు బయటికి తీసింది. ఆయన వెనక నుంచి దీపం పట్టుకున్నారు. ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూశారు.

"రెండే," అన్నారాయన. "నాకన్నా చాలా నయం."

ఆమెకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

"ఏడవకు. రేకు తడుస్తుంది," అన్నారు మామగారు. "అందరి ముందూ నా చిల్లులు చెప్పు, నీవీ చెప్పు. నేను ముందు వరసలోనే కూర్చుంటాను."