ఓడ వచ్చేదాకా చిన్నపిల్ల

నువ్వులు వేయిస్తున్న వాసన మెట్ల మీదుగా పైకి వచ్చేసరికి నేను పేపరు చదువుకుంటున్నాను. కాసేపటికి రోట్లో దంచుతున్న చప్పుడు మొదలైంది. నువ్వులూ బెల్లమూ కలిసి నలుగుతుంటే వచ్చే మెత్తని చప్పుడు అది. మా ఆవిడ సూర్యకాంతమ్మ ఉన్న రోజుల్లో ఈ వీధిలో ఏ ఆడపిల్ల పెద్దమనిషి అయినా ఆ ఇంటికి చిమ్మిలి మా వంటింట్లోంచే వెళ్ళేది. అందుకని, మగవాడినైనా, ఆ వాసన ఎందుకొస్తుందో నాకు తెలుసు.

కింది వాటాలో ఆడపిల్ల ఒక్కతే. హిమబిందు. ఏడో తరగతి చదువుతోంది. ముందురోజు సాయంత్రం దాకా మా గేటు ముందు సుద్దముక్కతో గళ్ళు గీసి తొక్కుడుబిళ్ళ ఆడింది.

పోర్టు ట్రాఫిక్ ఆఫీసులో రిటైరయ్యాక కూడా నేను మల్కాపురం వదల్లేదు. పై వాటాలో నేనుంటాను, కింద గోపి కుటుంబం అద్దెకుంటోంది. గోపి ఓడ ఇంజన్ రూంలో పనిచేస్తాడు. ఏడాదిలో ముప్పాతిక భాగం సముద్రం మీదే. ఇంట్లో ఉండేది వాళ్ళమ్మ మహాలక్ష్మమ్మ, భార్య పుష్ప, కూతురు హిమబిందు. ఆ ముగ్గురి చప్పుళ్ళూ పైకి వినిపిస్తుండడం వల్లే మా ఆవిడ పోయాక నాకు ఇల్లు మరీ బోసిగా అనిపించలేదు.

మెట్ల కింద ఎర్ర సైకిలు ఒకటి ఉంది. పోయినసారి సెలవు అయిపోతుండగా గోపి కొన్నాడు. నేర్పడానికి టైం లేకపోయింది. బ్యాగు భుజాన వేసుకుంటూ, "ఎవలూ నేర్పకండి. సీటు నానే పట్టుకుంటాను, ఒచ్చినాక" అని చెప్పి వెళ్ళాడు. ఆ పిల్ల మాట నిలబెట్టుకుంది. మా పేటలో పొద్దున్న తుడిచింది పోర్టు బొగ్గుపొడికి సాయంత్రానికి నల్లగా అవుతుంది. ప్రతి ఆదివారం ఆ నలుపంతా తుడిచి, బెల్లు ఒకసారి మోగించి, గోనెసంచి మళ్ళీ కప్పేసేది. ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. గోపి నెలాఖరుకి రావాలి.

ఇప్పుడీ చిమ్మిలి. మా వీధిలో ఫంక్షన్ అయ్యాక ఆడపిల్లని ఆటలకి రావద్దని ఎవరూ అనరు. వీధి మొదట్లో ఫ్లెక్సీ కడతారు, చీర కట్టి కుర్చీలో కూర్చోబెడతారు, భోజనాలు పెడతారు. మర్నాటి నుంచి ఆ పిల్లని ఆటకి ఎవరూ పిలవరు, అంతే. తండ్రి సీటు పట్టుకుని వెనకాల పరిగెత్తుతుంటే వీధిలో సైకిలు నేర్చుకోవడం ఇంక జరిగే పని కాదు.

మహాలక్ష్మమ్మ స్టీలు గిన్నె పట్టుకుని పైకి వచ్చింది.

"బాబూ, వాసనొచ్చీసిందేటి?"

"వచ్చిందక్కగారూ."

"అనుకున్నాను. తలుపులేసుకునే దంచేను. నువ్వులు ఊరుకుంటాయేటి!" గిన్నె బల్ల మీద పెట్టింది. "తినీసి మర్సిపోండి."

"ఎవరికీ చెప్పలేదా?"

"నేదు. గోపీ ఒచ్చేదాకా సెప్పను. కుర్సీ ఎయ్యలేదు, హారతి ఇవ్వలేదు, ఈదిలో సెప్పలేదు. మరింక పెద్దదెలాగయిపోద్ది? ఇంకా సిన్నపిల్లే."

నేను తెల్లబోయాను. ఈ వీధిలో ఆచారం విషయంలో ఆవిడంత గట్టి మనిషి లేదు. ఎవరింట్లో పసుపు ఎవరి చేత ముందు రాయించాలో, హారతి పళ్ళెం ఏ చేత్తో పట్టుకోవాలో ఆవిడే చెబుతుంది. తప్పితే పది మందిలోనూ కడిగేస్తుంది. అలాంటి మనిషి గుమ్మంలో నిలబడి, ఆచారాన్నే అడ్డం పెట్టి మనవరాలికి ఇంకొన్నాళ్ళు సంపాదిస్తోంది.

"గోపీకి చెప్పారా?"

"ఓడ మీదున్నోడికి సెప్తే ఏటి సేస్తాడు? ఆలోసించుకుంటా ఇంజన్లో సెయ్యెట్టీసుకుంటాడు." వెళ్ళబోతూ ఆగింది. "మీరు కాలేజీ సదివినోరు. మిగతా దేశాల్లో పిల్లలు ఎన్నాళ్ళు పిల్లలుగుంటారు?"

"చాలా దేశాల్లో పద్దెనిమిది దాకానండి. మన దగ్గర కూడా చట్టంలో అంతే."

"కాయితం మీద సంగతి కాదు బాబూ. ఆటల సంగతి అడుగుతన్నాను."

నేను బి.ఏ. కాకినాడలో చదివాను. ఆ ప్రశ్నకి అక్కడెవరూ జవాబు చెప్పిన గుర్తు లేదు.

ఆదివారం సాయంత్రం గోపి వీడియో కాల్ చేశాడు. నన్నూ కిందికి పిలిచారు. హిమబిందు, వీధిలో చెప్పిన లెక్క ప్రకారం 'జ్వరం' తగ్గి, నాయనమ్మ పక్కన కూర్చుని ఉంది. మహాలక్ష్మమ్మ ఫోను లాక్కుని అదే ప్రశ్న కొడుకుని అడిగింది.

గోపి పగలబడి నవ్వాడు. "ఇదేటమ్మా, క్విజ్జా?"

"సెప్పరా ముందు."

"ఒక్కో రేవులో ఒక్కోలాగుంటాదే. మొన్న హాంబర్గులో దిగేం. పార్కులో ఆడపిల్లలు, ఇంతింత పొడుగు, కాళ్ళకి సెక్రాలేసుకుని జారతన్నారు. పదిహేను పదహారేళ్ళుంటాయి. ఎవలూ అటేపు సూణ్ణేదు. ఆళ్ళ అమ్మలు బల్ల మీద కూకుని కోట్లు పట్టుకున్నారంతే. దానికి ముందు ఇంకో రేవులో సిన్న దోనీ ఏసుకుని ఒక గుంట ఒచ్చింది, అరటిపళ్ళు అమ్మడానికి. ఎనిమిదేళ్ళుంటాయేమో. అమ్మా, అచ్చు నీలాగే బేరమాడింది. మా చీఫ్ ఇంజనీరే భయపడ్డాడు."

"దాని కోటు ఎవలు పట్టుకున్నారు?" అంది మహాలక్ష్మమ్మ.

గోపి నవ్వు ఆపాడు. "ఎవలూ నేరే." మళ్ళీ గొంతు మార్చి, "బిందూ, నీకు మోకాళ్ళకి తొడుగులు కొన్నాను. ఆ పార్కులో పిల్లలేసుకున్నాయే. సైకిలు మీంచి పడ్డా దెబ్బ తగల్దు" అన్నాడు. ఫోనులో ఆ పిల్ల ముఖం మాత్రమే కనిపిస్తోంది. కాళ్ళు ఎంత పొడుగయ్యాయో అతనికి కనిపించే వీలు లేదు.

నెలాఖరుకి గోపి రాలేదు. అతని బదులు ఓడెక్కవలసిన మనిషికి వీసా రాలేదట. ఇంకో రేవు దాకా వెళ్ళాలన్నారు. ఓడ ఎక్కడుందో చూపించే యాప్ నా ఫోనులో ఉంది. పాత ఉద్యోగం వాసన అది. రోజూ పొద్దున్నే మహాలక్ష్మమ్మ మెట్ల దగ్గర నిలబడి, "బాబూ, ఏటి, కదిలిందేటి?" అని అడిగేది. నేను చెప్పేవాడిని. ఆవిడ తలూపి, మనవరాలి వైపు తిరిగి, "ఆడుకోయే, ఇంకా టైముంది" అనేది. పుష్ప మాత్రం గేటు చప్పుడైనప్పుడల్లా ఉలిక్కిపడేది.

ఆ భయం నిజమయింది. ఒక మధ్యాహ్నం ఎలమంచిలి నుంచి గోపి అక్క నారాయణమ్మ దిగింది. మేనకోడల్ని ఒక్కసారి ఎగాదిగా చూసి, "ఏటే, ఇంత సాగిపోనావు?" అంది. తర్వాత మరదలి ముఖం చూసింది. పుష్పకి అబద్ధం చేతకాదు. ఏడ్చేసింది.

నేను పైన బట్టలు ఆరేస్తున్నాను. వినకూడదనుకున్నా కింద తల్లీకూతుళ్ళ మాటలు వినిపించాయి.

"ఓలమ్మా! ఇన్నాళ్ళయితే నాకు సెప్పలేదేటే? మేనత్తని! మొదటి పసుపు నా సెయ్యే కదా పడాల? నాను సచ్చిపోనాననుకున్నావా?"

"నీ సెయ్యే పడద్ది. గోపీ రానీ."

"ఆడొచ్చేదాకా గుంట ఈదిలో గెంతతా ఉంటాదా? నలుగురికీ తెలిస్తే ఏటంటారు? దాసీసేరంటారు. మా అత్తోరింట్లో నాను తలెలాగెత్తుకోను?"

"నీ తలకేటయిందే, బాగానే ఉంది."

"ఎటకారాలాడకు. రేపే పంతుల్ని పిల్సు. ఆడొచ్చినాక ఫోటోలు సూసుకుంటాడు."

"ఫోటోల్లో సూడ్డానికేటే? ఇది పుట్టినప్పుడు ఆడు ఓడ మీద, అన్నప్రాసనప్పుడు ఓడ మీద, బళ్ళో ఏసినప్పుడు ఓడ మీద. దీని సిన్నతనం అంతా ఆడు ఫోటోల్లోనే సూసేడు. ఇంక బతుకంతా ఇది పెద్దదానిగానే ఉంటాది కదేటే. నాలుగు వారాలు ఎనకైతే ఊరికొచ్చిన నష్టమేటి?"

"అయితే ఆ ఫంక్షనుకి నాను రాను. ఆ మొదటి పసుపేదో నువ్వే పూసుకో."

నారాయణమ్మ అన్నం కూడా తినకుండా రైలుకి వెళ్ళిపోయింది. మేనత్త చెయ్యి పడకుండా ఫంక్షన్ చేస్తే అది లోటే. మహాలక్ష్మమ్మకి అది నాకంటే బాగా తెలుసు. నేను దిగి వచ్చేసరికి ఆవిడ మెట్ల మీద కూర్చుని, సైకిలు మీది గోనెసంచి అంచు సర్దుతోంది.

"దాని కోపం నిజమే బాబూ. దాని అక్కు అది." మళ్ళీ తనే అంది. "నన్ను ఆట మజ్జిలో లేపీసేరు. తొక్కుడుబిళ్ళే. ఆకరి గడి ఒక్కటే ఉంది నాకు. మా యమ్మొచ్చి రెక్కట్టుకుని లోపలికి లాక్కుపోయింది. ఆ తరవాత బిళ్ళ అక్కడే ఉందో, ఎవలు తీసేరో తెల్దు." ఇంతేనన్నట్టు చేతులు దులుపుకుని లేచింది. "ఓడ కదిలిందేటి?"

కదిలింది. కొన్నాళ్ళకి గోపి దిగాడు.

పొద్దున్నే కారు ఆగగానే హిమబిందు పరిగెత్తింది. అతను ఎత్తుకోవడానికి వంగి, వంగినవాడు అలాగే ఉండిపోయాడు. పిల్ల తల అతని భుజం దాకా వచ్చింది. నవ్వుతూనే లోపలికి వెళ్ళి బ్యాగు విప్పాడు. నల్లని మోకాలి తొడుగులు, లోపల మెత్త, మీద పసుపు చుక్కలు. ముద్దుగా ఉన్నాయి. హిమబిందు కూర్చుని కాలికి ఎక్కించబోయింది. పిక్క దగ్గర ఆగిపోయాయి. ఇంకా లాగితే కుట్టు పటుక్కుమంది.

"నాను ఎల్లినప్పుడు ఎంతుందో అంతకే కొన్నాను బాబాయ్," అన్నాడు నాతో. "కొట్లో అమ్మాయి ఎంత అనడిగితే, సెయ్యి ఇలా పెట్టి సూపించేను." తన ఛాతీకి కాస్త కిందగా అరచెయ్యి పెట్టి చూపించాడు. నిజంగానే పోయినసారి ఆ పిల్ల అంతే ఉండేది.

పుష్ప అతన్ని వంటింట్లోకి పిలిచి సంగతి చెప్పింది. గోపి బయటికి వచ్చి తిన్నగా మెట్ల కిందికి వెళ్ళాడు, గోనెసంచి తీశాడు. బ్యాగులోంచి స్పానర్ తెచ్చి, కింద కూర్చుని, సైకిలు సీటు ఎత్తు పెంచడం మొదలుపెట్టాడు. కొంచెం పెంచడం, కూతుర్ని నిలబెట్టి చూడడం, మళ్ళీ కొంచెం పెంచడం. ఓడ ఇంజన్లు విప్పే చేతులు ఆ చిన్న బోల్టు దగ్గర అంత నెమ్మదిగా కదలడం చూసి, ఇది సూర్యకాంతం చూడవలసింది అనుకున్నాను.

సాయంత్రం వీధి అంతా చూసింది. మహాలక్ష్మమ్మ గేటు దగ్గర స్టూలు వేసుకుని కూర్చుంది. ఒళ్ళో మనవరాలి చున్నీ, చెప్పులు.

"ఏటమ్మా, అంత గుంటని సైకిలెక్కించేరు?" అంది ఎదురింటి చిలకమ్మ.

"నాయనొచ్చేడు. ఎక్కింది. నీకూ నేర్సుకోవాలనుంటే సెప్పు, గోపీ ఖాళీయే."

చిలకమ్మ చీర చెంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

గోపి సీటు పట్టుకుని పరిగెత్తాడు. వగర్చాడు. "ముందుకు సూడే! సెక్రం కేసి కాదు!" మలుపు దగ్గర పిల్ల పడింది. మోకాలు గీరుకుపోయి రక్తం వచ్చింది. గోపి పాలిపోయిన ముఖంతో ఎత్తబోతే, తనే లేచి మళ్ళీ ఎక్కింది. వీధి దీపాలు వెలిగే వేళకి ఒంటరిగా నూనె డిపో గోడ దాకా వెళ్ళి, తిరిగి, బెల్లు కొట్టుకుంటూ వచ్చింది. పిల్ల ఎప్పుడో ముందుకి వెళ్ళిపోయినా గోపి చెయ్యి మాత్రం గాల్లో సీటు పట్టుకున్నట్టే ఉంది.

మహాలక్ష్మమ్మ చెప్పులు మనవరాలి కాళ్ళ దగ్గర పెట్టింది. "ఇంక పంతుల్ని పిల్సరా," అంది కొడుకుతో.

ఫంక్షన్ రోజున పందిట్లో అందరూ కూర్చున్నారు. ఎర్రచీరలో హిమబిందు కుర్చీ మీద ఉంది. పసుపు గిన్నె సిద్ధంగా ఉంది. ముత్తయిదువులు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. నారాయణమ్మ రాలేదు. పంతులుగారు వాచీ చూసుకున్నారు.

"ఆగండి," అంది మహాలక్ష్మమ్మ. "దాని సెయ్యి పడకుండా ఎవలూ ముట్టుకోకండి."

"రాకపోతేనో?" అన్నారెవరో.

"కూకుంటాం."

అందరూ కూర్చున్నారు. వంటవాళ్ళు పొయ్యి తగ్గించారు. గోపి గేటు దగ్గరికీ కుర్చీ దగ్గరికీ తిరిగాడు. చివరికి ఆటో ఆగింది. నారాయణమ్మ దిగింది. చేతిలో పట్టుచీర ఉన్న సంచి, ముఖం మాత్రం బిగుసుకునే ఉంది. తల్లితో మాట్లాడలేదు, తమ్ముడి వైపు చూడలేదు. తిన్నగా వచ్చి పసుపు గిన్నె తీసుకుని, ఆచారం ప్రకారం బుగ్గలకీ చేతులకీ రాసి, పాదాలకి రాస్తూ చీర కుచ్చిళ్ళు మోకాలి దాకా పైకి జరిపింది. పసుపు మోకాలి దెబ్బకి తగిలింది.

"అబ్బా! అత్తా, మండుతందే!"

కెవ్వుమన్న కేక పందిరంతా వినిపించింది. నారాయణమ్మ చెయ్యి ఆగిపోయింది. వంగి చూసింది. గిన్నె కింద పెట్టి, కట్టుకున్న పట్టుచీరతోనే నేల మీద చతికిలపడి, ఆ మోకాలు రెండు చేతుల్లోకి తీసుకుని ఉఫ్, ఉఫ్ అని ఊదడం మొదలుపెట్టింది.

"ఎక్కడ పడ్డావే?"

"మలుపు కాడ."

"బ్రేకు నొక్కలేదేటి?"

"మర్సిపోనాను."

"మర్సిపోద్దంట! మీ నాయనా అంతే, చెరువులో దూకినాక ఈత రాదని గుర్తొచ్చింది ఆడికి." మళ్ళీ ఊదింది. "తగ్గిందేటి?"

"ఇంకా మండుతంది."

ఫోటోగ్రాఫరు కెమెరా ఎత్తి, "అమ్మా, మేనత్తగారూ, ఒక్కసారి ఇటు సూడండి" అన్నాడు. నారాయణమ్మ చూడలేదు. ఎర్రచీర పిల్ల కాలు చాపి ఇచ్చింది. ఆవిడ ఇంకా ఊదుతూనే ఉంది.