వెన్నెల కుక్క ముద్దు

పాఠ్యపుస్తకాల ఆఫీసులో కుర్చీలు అరగదీస్తున్న పెద్దలారా, ఆ పిల్ల చేతి మీద పడ్డ పంటి గాట్లు వీధి కుక్కవి కావు. మీవి. కుక్కకి తెలియదు, దాన్ని వదిలేద్దాం. మీరు చదువుకున్నవాళ్లు. దేశాన్నేలే పెద్దాయన పెంపుడు కుక్క మీద ఒకటో తరగతి పిల్లలకి పాట కట్టించింది మీరు. ఆ పాట కోసం కింద ఉన్న పాఠాన్ని మూసేయించింది మీరు. ఏ పాఠాన్ని మూశారో గుర్తుందా? ఉండదు. అందుకే చెబుతున్నాను, వినండి.

ఆ బడిలో ఒకటో తరగతి చెప్పే టీచరమ్మకి యాభై దాటాయి. మోకాళ్లు అరిగాయి, గొంతు అరిగింది, ఓపిక ఎప్పుడో అరిగిపోయింది. గద్దె మీదికి కొత్త మనిషి ఎక్కినప్పుడల్లా ఆమె నెత్తి మీదికి ఒక కొత్త జంతువు ఎక్కేది. ఒకాయన చిలకని పెంచాడు, పిల్లలు చిలక పాట పాడారు. ఆయన దిగిపోయి పిల్లిని పెంచే ఆవిడ వచ్చింది, పిల్లి పాట పాడారు. కొత్త పుస్తకాలు అచ్చెయ్యరు. పాట అచ్చేసిన చీటీలు కట్టలుగా వస్తాయి. సెలవుల్లో టీచర్లు కూర్చుని మైదా జిగురుతో పాత పాట మీద కొత్త పాట అంటించాలి. ఆ పేజీ అట్టలా మందమెక్కి పుస్తకం మూసినా మూసుకోదు. జిగురు వాసనకి పిల్లల కంటే ముందు బొద్దింకలు చదువుకి వచ్చేవి.

ఈసారి వచ్చిన పెద్దాయనకి తెల్ల కుక్క ఉంది. దాని పేరు వెన్నెల. దాని చీటీ పిల్లి చీటీ కంటే పెద్దది. పాట కింద ‘కుక్క కరిస్తే’ అని చిన్న పాఠం ఉండేది. గాయాన్ని ధార కింద సబ్బుతో బాగా కడగాలి, వెంటనే ఇంట్లో చెప్పాలి, ఆసుపత్రికి వెళ్లాలి. అంతే పాఠం. పెద్దాయన కుక్కని పొగిడిన పేజీలోనే కుక్క కరుస్తుందని రాసి ఉంటే ఏం బాగుంటుంది? కప్పెయ్యమని పైనుంచి మాట వచ్చింది. టీచరమ్మ నడుం పట్టుకుని, ఆవలిస్తూ, అన్ని పుస్తకాలకీ అంటించింది. పని అయితే చాలు, ఇంటికి పోయి పడుకుంటే చాలు అనుకుంది.

పాట ఇదీ:

పెద్దాయన ఇంట్లో వెన్నెల కుక్క
వెన్నెల నవ్వితే వెండి చుక్క
తోక ఊపితే ఆట, మొరిగితే పాట
పన్ను తగిలిందా? అది ముద్దుల మూట!

తెల్లారితే తనిఖీ. ఆఫీసరు వచ్చి పిల్లల చేత పాట పాడించుకుంటాడు. పొద్దుటినుంచీ పాడించి పాడించి టీచరమ్మకి తల ప్రాణం తోకకి వచ్చింది. ఆ క్లాసులో అందరికంటే పెద్ద గొంతున్నది ఒక పిల్ల. ఇస్త్రీ కొట్టులో పని చేసే ఆవిడ కూతురు. అల్లరికి బడంతా దాన్ని పిడుగు అంటుంది. ఆ రోజు పిడుగు పెదాలు మాత్రమే ఆడిస్తోంది. ఎడమ చెయ్యి గౌను మడతల్లో దాచుకుంది.

"ఏమే, గొంతు ఇంట్లో మర్చిపోయొచ్చావా? ఆ చెయ్యేంటి? చూపించు."

"ఏం లేదు టీచర్."

"ఏం లేకపోతే చూపించడానికేం?"

బొటనవేలి కింద వాచి ఎర్రగా ఉంది. వాపు మధ్యలో పంటి గాట్లు.

"ఏం కరిచిందే?"

"కరవలేదు టీచర్. ముద్దు పెట్టింది."

"ఎవరు?"

"మా అమ్మ కొట్టు దగ్గర కుక్క. తెల్లదే. నేను పాట పాడితే వచ్చింది."

"ఎప్పుడు?"

"మొన్న."

"మీ అమ్మకి చెప్పావా?"

పిడుగు జాలిగా చూసింది, టీచరమ్మకే ఏమీ తెలియదన్నట్టు. "చెప్తే కరిచిందంటుంది కదా టీచర్! దాన్ని కొట్టిస్తుంది. అది ముద్దు. మీరే చెప్పారుగా."

టీచరమ్మ పిల్లని పంపు దగ్గరికి లాక్కెళ్లి, గిన్నెలు కడిగే సబ్బుతో ఆ చెయ్యి కడగడం మొదలుపెట్టింది. పిల్ల మంట మంట అని గెంతుతోంది. ఆమె ఆపలేదు.

హెడ్మాస్టరు వరండాలోకి వచ్చాడు. మంచివాడే. భయస్థుడు. అలాంటి మంచితనంతోనే మన కొంపలు మునుగుతున్నాయి.

"టీచరుగారూ, రేపు తనిఖీ. ఇప్పుడు క్లాసు వదిలేసి ఎక్కడికి?"

"ఆసుపత్రికి. కుక్క కరిచింది."

"ష్! మెల్లగా. రిజిస్టర్లో జారిపడిందని రాయండి. ఈ పాట పాడే బడిలో కుక్క కరిచిందంటే ఏమైనా బాగుంటుందా?"

"బాగుండటం సంగతి నాకెందుకు సార్? పిచ్చికుక్కైతే పిల్ల చచ్చిపోతుంది. అప్పుడేం రాయమంటారు, జారి చచ్చిందనా?"

టీచరమ్మ సంచి భుజాన వేసుకుంది.

ఇస్త్రీ కొట్టులో వేడికి మొహాలు మాడిపోతున్నాయి. తల్లి ఇస్త్రీపెట్టె చేతిలో పట్టుకునే విన్నది. పెట్టెని చొక్కా మీదే వదిలి ముందు పిల్లని ఒక్కటి వేసింది, తర్వాత గుండెకి హత్తుకుంది.

"చెప్పి చావొచ్చు కదే! రోజూ నీకు నీళ్లు పోసేది నేనే కదా, నా కళ్లు ఏమయ్యాయి తల్లీ! టీచరమ్మా, ఈ కొట్టు దగ్గర తిరిగే తెల్ల కుక్కేనా? అది నిన్న మురిక్కాలవలో చచ్చి పడుంది. నోట్లోంచి చొంగ కారుతూ తిరిగిందని పక్క కొట్టతను చెప్పాడు."

ఇస్త్రీ బల్ల మీద చొక్కా కాలి పొగ లేచింది. యజమాని అరుస్తున్నాడు. వాళ్లు అప్పటికే రోడ్డు మీద ఉన్నారు.

పక్కవీధి చిన్న ఆసుపత్రిలో నర్సమ్మ తల అడ్డంగా ఊపింది. "మందు లేదమ్మా. పెద్దాసుపత్రికి పోండి. ఈ మధ్య పిల్లలే ఎక్కువ వస్తున్నారు, అందరూ ఆలస్యంగానే. ఏంటో, దాస్తున్నారు."

ఎందుకు దాస్తున్నారో టీచరమ్మకి తెలుసు. బస్సులో నిలబడి, పెద్దాసుపత్రిలో వరసలో నిలబడి, ఆమె కాళ్లు కట్టెల్లా బిగుసుకుపోయాయి. చివరికి గాయం చుట్టూ సూదులు వేశారు, భుజానికి టీకా వేశారు. పిడుగు ఆసుపత్రి కప్పు ఎగిరిపోయేలా అరిచింది. డాక్టరు కూడా నిద్రలేని మనిషే.

"కరిచిన రోజే కడిగి తీసుకొస్తే ఇంత దిగులుండేది కాదు. ఇప్పటికైనా తెచ్చారు, మంచిదే. మిగతా టీకాలు ఒక్కటి కూడా తప్పకూడదు."

"ఫర్వాలేదంటారా బాబూ?" అంది తల్లి.

"చూడాలమ్మా," అన్నాడు. ఆ మాట మోసుకుంటూ వాళ్లు ఇంటికొచ్చారు.

పొద్దున్న ఆఫీసరు వచ్చాడు. కుర్చీ వేశారు, కూర్చున్నాడు. ఇంట్లో ఉండమంటే ఉండక పిడుగు కూడా వచ్చి కూర్చుంది. పిల్లలు లేచి పాట ఎత్తుకున్నారు. చివరి పాదం దగ్గరికి రాగానే టీచరమ్మ చెయ్యెత్తి ఆపేసింది.

"ఆగండ్రా. ఈ ముద్దు మీలో ఎవరెవరికి తగిలింది? చేతులెత్తండి. ఎవరినీ కొట్టను."

"ఏంటమ్మా ఇది?" అన్నాడు ఆఫీసరు. హెడ్మాస్టరు గోడకి అతుక్కుపోయాడు.

ఎవరూ కదల్లేదు. పిడుగు వెనక్కి తిరిగి క్లాసు మీద కసిరింది. "చెప్పండ్రా! సూది మరీ అంత నొప్పేం ఉండదు. నేనసలు ఏడవనే లేదు."

వెనక వరసలో ఒక చెయ్యి లేచింది. కిటికీ పక్క ఇంకొకటి. ఆ తర్వాత ఒక చిన్నవాడు బెంచీ మీద నిలబడి, పాంటు పైకి లాగి, మానీ మానని గాటు ఉన్న పిక్క చూపించాడు. వాడు గర్వంగా నవ్వుతున్నాడు.

"ఈ పిల్లల్ని నేను ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను సార్," అంది టీచరమ్మ. గొంతులో కోపం లేదు, అలుపు ఉంది. "మీ జీపు కావాలి."

ఆఫీసరు లేచి ఆ పిక్కని వంగి చూశాడు. తర్వాత జేబులోంచి తాళాలు తీసి బల్ల మీద పెట్టాడు.

అది ఒక్క బడి. ఒక్క గది. ఆ పాట దేశమంతా పాడుతున్నారు. మీరు విచారణ సంఘాలు వెయ్యకండి, మాకు వినే ఓపిక లేదు. రేపు పొద్దున బడి గంట కొట్టగానే ప్రతి క్లాసులో ప్రతి పిల్ల చెయ్యీ, కాలూ చూడండి. గాటు కనబడిన ప్రతి పిల్లనీ ఆ పూటే ఆసుపత్రికి చేర్చండి. ప్రతి చిన్న ఆసుపత్రిలో మందు పెట్టండి. ఆ పేజీ మీది చీటీ పీకి పారెయ్యండి. పెద్దాయనకి కుక్క అంటే అంత ముద్దయితే, ఆ పాట ఆయన్నే పాడుకోమనండి.